గ్రనాదాలో నీటి వెంట నడక: ఒంటరిగా వెళ్ళేవారికి అల్‌హంబ్రా తోటలు, అల్బయ్‌సీన్ వీధులు

దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాదాకు వెళ్ళేవారిలో చాలామంది అల్‌హంబ్రా కోటను ఒక పూట, దాని ఎదుటి కొండమీద ఉన్న అల్బయ్‌సీన్ పేటను మరొక పూట, ఒకదానికొకటి సంబంధం లేనట్టుగా చూసి తిరిగివస్తారు. మొదటిసారి నేనూ అలాగే చూశాను. కోట, తోట, పేట మూడింటినీ నిలబెట్టినది కాలువలేనని రెండోసారి వెళ్ళినప్పుడుగానీ నాకు తెలియలేదు. అందుకే ఆ ఊరికి ఒంటరిగా బయలుదేరేవారికి నేను చెప్పేది ఒకటే: నీరు ఏ వరుసలో దిగుతుందో ఆ వరుసలోనే మీరూ దిగండి. పైనున్న హెనెరలిఫె తోటలో మొదలుపెట్టి, కోటలోకి వచ్చి, అక్కడినుంచి దార్రో ఏటి ఒడ్డుకు దిగి, ఏరు దాటి అల్బయ్‌సీన్ నీటితొట్ల దగ్గరకు చేరండి. గుంపుతో వెళ్ళినవారికి ఈ వరుస కుదరదు. ఒంటరిగా వెళ్ళినవారు కాలువ పక్కన అరగంట నిలబడిపోయినా తొందరపెట్టేవారు ఉండరు.

ఇంత పట్టుగా నీటి గురించి చెప్పడానికి కారణం ఆ కొండే. 1238లో గ్రనాదాలో అడుగుపెట్టిన మొదటి ముహమ్మద్, ఆ ఊరిని ఏలిన ముస్లిం సుల్తానుల నస్రిద్ వంశానికి మూలపురుషుడు, కోట కోసం సబీకా కొండను ఎంచుకున్నాడు. శత్రువు రావడానికి కష్టమైన చోటికి నీరు రావడమూ కష్టమే. అందువల్ల దార్రో ఏటికి ఎగువన సుమారు 6 కిలోమీటర్ల దూరంలో నీటిని మళ్ళించి, కొండవాలు వెంబడి కాలువ తవ్వించారు. ఏరు లోయ అడుగుకు జారిపోతూ ఉంటే, కాలువ తన ఎత్తును పోగొట్టుకోకుండా అతి స్వల్పమైన వాలుతో వచ్చి కోట నెత్తికి చేరుతుంది. దాని పేరు అసేకియా రియాల్, అంటే రాచకాలువ. గోల్కొండలో నీటిని చక్రాలతో అంచెలంచెలుగా పైకి తోడి మట్టి గొట్టాలలో పంపిన తీరు మనలో చాలామంది చూసే ఉంటారు. ఇక్కడి ఏర్పాటుకు మూలం తోడడం కాదు, ఎగువ నుంచే ఎత్తును కాపాడుకుంటూ రావడం. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే తోటలో ప్రతి మలుపూ అర్థమవుతుంది.

టికెట్, పాస్‌పోర్టు, వేళ

ప్రయాణం తేదీ ఖాయమైన రోజునే టికెట్ కొనాలి. అల్‌హంబ్రా అధికారిక వెబ్‌సైటులో వారాల ముందే టికెట్లు అయిపోతుంటాయి. ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఈ తాకిడి మరీ ఎక్కువ. ‘సాధారణ’ టికెట్‌తో హెనెరలిఫె, పాత కోట (అల్‌హంబ్రాలోనే ఉన్న అల్కసాబా అనే భాగం), నస్రిద్ రాజమందిరాలు మూడూ చూడవచ్చు. వీటిలో రాజమందిరాలకు మాత్రం నిర్ణీత సమయం ఉంటుంది, ఆ సమయం దాటితే లోపలికి పంపరు. ఆ టికెట్ దొరకకపోతే నిరాశపడవలసిన పని లేదు. తోటలు, హెనెరలిఫె, పాత కోటలకు మాత్రమే చెల్లే టికెట్ విడిగా ఉంది, అది కొంత ఆలస్యంగా చూసినా దొరుకుతూ ఉంటుంది. తోటల కోసమే వెళ్ళేవారికి అది తక్కువరకం టికెట్ కాదని నా అభిప్రాయం. ఒకే ఒక్క టికెట్ కావలసినవారికి మరొక వీలు కూడా ఉంది: ఎవరైనా రద్దు చేసుకున్నప్పుడు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యే టికెట్లు జంటలకు, కుటుంబాలకు పనికిరావు, మీకు పనికివస్తాయి. కాబట్టి ముందురోజు వరకూ వెబ్‌సైటును చూస్తూనే ఉండండి.

టికెట్ మీద పేరు, పాస్‌పోర్టు సంఖ్య ఉంటాయి, ప్రవేశం దగ్గర వాటిని సరిచూస్తారు. ఇక్కడ తెలుగువారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. స్పెయిన్ దేశస్థులకు తండ్రివైపుది ఒకటి, తల్లివైపుది ఒకటి చొప్పున రెండు ఇంటిపేర్లు ఉంటాయి కనుక అక్కడి దరఖాస్తుల్లో రెండు గడులు కనిపిస్తాయి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు పూర్తిగా విడదీసి ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు, పేరులోనే కలిసిపోయి ఉండవచ్చు. పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలను ఉన్నట్టుగా రాయండి, పాస్‌పోర్టు సంఖ్యను రెండుసార్లు చూసుకోండి, ఆ రోజు పాస్‌పోర్టును మీతోనే ఉంచుకోండి.

రాజమందిరాల సమయాన్ని ఉదయం 11 గంటల ప్రాంతానికి తీసుకోమని నా సలహా. కోట ఉదయం 8:30కి తెరుస్తారు. తెరిచిన వెంటనే హెనెరలిఫెకు వెళితే, పెద్ద బృందాలు చేరేలోపు దాదాపు గంటన్నర తోట ప్రశాంతంగా దొరుకుతుంది. తోట నుంచి రాజమందిరాల ద్వారానికి నడవడానికి కనీసం 20 నిమిషాలు పెట్టుకోండి, అక్కడ వరుసలో నిలబడవలసిన సమయం వేరు. డిసెంబరు 25న, జనవరి 1న కోట మూసి ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నపు ఎండ మన రోహిణి కార్తెను గుర్తుచేస్తుంది, చలికాలపు ఉదయాలు గడ్డకట్టించేలా ఉంటాయి. సియెర్రా నెవాదా మంచుకొండలు ఊరికి అంత దగ్గర.

ఊరికి చేరడం సులువే. మాడ్రిడ్ నుంచి 2019లో మొదలైన హైస్పీడ్ రైలు ఉంది, మలగా నుంచి బస్సులున్నాయి.

కొండ ఎక్కడం

ఊరి మధ్య నుంచి సి30 అనే చిన్న ఎర్ర బస్సు కోట వరకూ వెళుతుంది. మోకాళ్ళు సహకరిస్తే నడిచే వెళ్ళండి. ప్లాసా నువేవా అనే కూడలి దగ్గర మొదలయ్యే కువెస్తా దె గోమేరెస్ వీధి ఎగువన దానిమ్మల ద్వారం కనిపిస్తుంది. స్పానిష్‌లో గ్రనాదా అంటే దానిమ్మపండు, నగర చిహ్నమూ అదే. ఆ ద్వారం నెత్తిన పగిలిన దానిమ్మలు మూడు చెక్కి ఉన్నాయి. ద్వారం దాటగానే ఒక్కసారిగా చెట్ల నీడ, చల్లదనం, దారి పక్కన గలగలమని దిగే నీటి చప్పుడు ఎదురవుతాయి. ఈ అడవి సుల్తానుల కాలానిది కాదు. కోటకు కాపలా కాసేవారు వాలును బోడిగా ఉంచుతారు, శత్రువు చెట్ల చాటున రాకూడదు కదా. కోట సుల్తానుల నుంచి క్రైస్తవ రాజుల చేతికి మారిన తరువాతే ఇక్కడ చెట్లు నాటారు. పక్కన దిగుతున్న నీరు మాత్రం మీరు పైన చూడబోయే కాలువ విడిచిపెట్టినదే. టికెట్లు చూసే ద్వారం వరకూ ఈ దారిన 25 నిమిషాలు పడుతుంది.

హెనెరలిఫె

లోపలికి వెళ్ళగానే కత్తిరించిన సైప్రస్ గోడలు, గులాబీల వరుసలు, పొడవాటి నీటికుండీ కనిపిస్తాయి. అందరూ అక్కడే ఆగి, సుల్తానుల తోట ఇదేనని ఫొటోలు తీసుకుంటారు. ఆ భాగం చాలా అందంగా ఉంటుంది, కానీ అది 20వ శతాబ్దపు పని. వాస్తుశిల్పి లెయోపోల్దో తోర్రెస్ బల్బాస్ 1931లో మొదలుపెట్టిన ఆ కొత్త తోటలను ఫ్రాన్సిస్కో ప్రియెతో మొరేనో 1951లో ముగించాడు. ఇక్కడ ఎక్కువసేపు ఆగకుండా ముందుకు నడవండి. కుడి ఎడమల కంటే కిందికి చూస్తూ నడిస్తే, కొండవాలులో ఇప్పటికీ కూరగాయలు పండుతున్న మళ్ళు కనిపిస్తాయి. అవి మధ్యయుగం నుంచి సాగులో ఉన్న నేలలు. ఏ శాసనమూ లేని ఆ కూరగాయల మళ్ళనే ఈ కొండమీద అన్నిటికంటే పాత తోటగా నేను భావిస్తాను.

తరువాత వచ్చేది పాతియో దె లా అసేకియా, అంటే కాలువ లోగిలి. మన మండువా ఇళ్ళలో నడుమ ఆకాశానికి తెరిచి ఉండే చోటును పొడవుగా సాగదీసి, అందులోంచి కాలువను నడిపించారనుకోండి, అదే ఈ లోగిలి. మీరు చూస్తున్నది బొమ్మకాలువ కాదు, పైనుంచి వచ్చిన రాచకాలువే ఈ లోగిలి నడుమగా సాగి కోటవైపు వెళుతుంది. ఇరువైపుల నుంచి విల్లులా వంగి ఒకదానినొకటి దాటే నీటి చిమ్ముళ్ళు పోస్టుకార్డుల ద్వారా ప్రపంచానికంతా తెలుసు, కానీ అవి చాలా తరువాత చేర్చినవి. సుల్తానుల కాలంలో నీరు ఇక్కడ నిశ్శబ్దంగా సాగేది.

1958లో ఈ లోగిలి ఉత్తరపు వైపు భవనంలో మంటలు చెలరేగాయి. ఆ నష్టం తరువాత జరిపిన తవ్వకాలలో పాత తోట అడుగు బయటపడింది. నాలుగు భాగాలుగా విభజించిన పాదులు నడకదారి కంటే బాగా పల్లంలో ఉన్నాయని, కాలువ అంచుల్లోని రంధ్రాల ద్వారా వాటికి నీరు అందేదని అప్పుడు తెలిసింది. పాదులు పల్లంలో ఉంటే మొక్కల తలలు నడిచేవారి పాదాల ఎత్తుకు వస్తాయి, అప్పుడు పూలు తివాచీలా కనిపిస్తాయి. పైగా నేల తడి త్వరగా ఆరదు. అంచున నిలబడి ఆ ఎత్తు తేడాను ఊహించుకోవడానికి కొన్ని నిమిషాలు కేటాయించండి.

ఇక్కడినుంచి పైకి వెళ్ళే మెట్ల పేరు ఎస్కలేరా దెల్ ఆగ్వా, నీటిమెట్లు. మెట్లకు రెండు వైపులా ఉన్న పిట్టగోడల పైభాగాన్ని గాడిగా తొలిచి, అందులో నీటిని వదిలారు. చేతిని గోడమీద ఆనించి ఎక్కుతుంటే వేళ్ళ పక్కనే నీరు కిందికి పరుగెడుతుంది. నెత్తిన లారెల్ కొమ్మలు కప్పులా కలుసుకుంటాయి. మెట్ల మధ్య మూడుచోట్ల ఆగడానికి గుండ్రని చిన్న అరుగులు ఉన్నాయి, ఒక్కోదాని నడుమ ఒక్కో చిన్న నీటిచిమ్ము. అల్‌హంబ్రా మొత్తంలో నన్ను ఒకే చోట నిలబడమంటే ఇక్కడ నిలబడతాను. ఉదయం తొమ్మిదికి వెళితే ఆ నీటి చప్పుడు తప్ప మరేమీ వినిపించదు, పదిన్నరకు వెళితే అది మాటల్లో మునిగిపోతుంది.

కోటలోకి

హెనెరలిఫె దాటిన కాలువ, నీటి బురుజు అనే తోర్రె దెల్ ఆగ్వా దగ్గర చిన్న వంతెన మీదుగా కోట గోడలోకి ప్రవేశిస్తుంది. మీ దారి కూడా ఆ పక్కనుంచే సాగుతుంది. అక్కడినుంచి పార్తాల్ తోటల వైపు నేరుగా వెళ్ళకండి, రాజమందిరాలు చూసి బయటకు వచ్చే దారి అటే ఉంటుంది. ముందు మీ నిర్ణీత సమయానికి మందిరాల ద్వారం చేరుకోండి. అరగంటకు ఒక బృందాన్ని లోపలికి పంపుతారు, లోపల ఎంతసేపు ఉండాలన్నది మీ ఇష్టం. ఒంటరివారికి ఇక్కడ ఒక కిటుకు ఉంది. మీ బృందంలో అందరికంటే చివరగా లోపలికి వెళ్ళి, ముందున్నవారిని సాగనివ్వండి; తరువాతి బృందం చేరేలోపు ఒక్కో గదిలో కొన్ని నిమిషాలు దాదాపు మీరొక్కరే ఉంటారు.

గోడలమీద ‘దైవం తప్ప విజేత లేడు’ అనే అరబ్బీ వాక్యం వందలసార్లు కనిపిస్తుంది. అది నస్రిద్ వంశపు నినాదం. గోడలను చూస్తూ నీటిని మరిచిపోకండి. మర్టిల్ పొదల నడుమ ఉన్న కొమారెస్ కొలనులోకి నీరు రెండు కొసలనున్న పళ్ళేల్లాంటి తొట్ల నుంచి మెల్లగా జారుతుంది. నీరు అంత నెమ్మదిగా చేరబట్టే కొలను అద్దంలా నిలిచి, ఎదుటి బురుజు తలకిందులుగా కనిపిస్తుంది. తరువాతి లోగిలిలో పన్నెండు పాలరాతి సింహాలు మోస్తున్న తొట్టి ఉంది. 14వ శతాబ్దపు రెండో సగంలో ఐదవ ముహమ్మద్ కట్టించిన ఈ లోగిలిలో నాలుగు దిక్కుల నుంచి నాలుగు సన్నని పిల్లకాలువలు వచ్చి నడుమ కలుస్తాయి. తొట్టి అంచున ఆస్థానకవి ఇబ్న్ జమ్రక్ పద్యం చెక్కి ఉంది. అందులో ఆయన పారే నీటికీ పాలరాతికీ తేడా తెలియక, వాటిలో ఏది ప్రవహిస్తోందో చెప్పలేకపోతున్నానంటాడు.

పాత కోటను చివరికి ఉంచుకోండి. అక్కడి వేలా బురుజు మీదికి అందరూ దృశ్యం కోసం ఎక్కుతారు. దిగువన పరుచుకున్న మైదానానికి వేగా అని పేరు. బురుజుమీది గంట రాత్రివేళల్లో ఆ మైదానపు రైతులకు ఎవరి నీటివంతు ఎప్పుడో తెలిపేందుకు మోగేది. మన చెరువుల కింద నీరటి లేదా నీరుగంటి తూము దగ్గర చేసిన పనిని ఇక్కడ ఒక గంట ఊరంతటికీ వినిపించేలా చేసింది. 1492 జనవరి 2న కోట క్రైస్తవ రాజదంపతులు ఇసబెల్, ఫెర్నాందోల చేతికి వచ్చిన తరువాత కూడా కాలువలు, వంతులు కొనసాగాయి. ఏటా అదే తేదీన జనం ఈ గంటను మోగించడానికి వరుసకడతారు. ఆ రోజు గంట కొట్టిన అమ్మాయికి ఏడాదిలోపు పెళ్ళవుతుందని అక్కడివారి నమ్మకం.

ఏటి ఒడ్డుకు

వచ్చిన దారిన కాకుండా కువెస్తా దెల్ రెయ్ చీకో అనే బాటలో దిగండి. కోటకూ హెనెరలిఫెకూ మధ్య లోయలో సాగే ఈ బాట ఎక్కేవారు తక్కువ, దిగేవారు కొందరే. ఎర్రమట్టి గోడల కింద ఒకవైపు కాలువ నీటి శబ్దం తోడుగా వస్తుంది. గులకరాళ్ళు జారతాయి కనుక అడుగుభాగం గట్టిగా పట్టే బూట్లు వేసుకోవాలి, చీకటిపడ్డాక ఒంటరిగా ఈ బాట వద్దు. కింద దార్రో ఒడ్డున తేలుతారు. ఆ చోటిని పసేయో దె లోస్ ట్రిస్తెస్, అంటే దుఃఖితుల బాట, అంటారు. శ్మశానానికి సాగే అంతిమయాత్రలు ఒకప్పుడు ఇక్కడినుంచి వెళ్ళేవి.

ఏటి వెంట ఊరివైపు నడిచే కర్రేరా దెల్ దార్రో వీధి చాలా ఇరుకు. చిన్న బస్సులు కూడా ఇందులోనే వస్తాయి కనుక గోడకు ఆనుకొని నిలబడడానికి సిద్ధంగా ఉండాలి. కుడివైపున ఎల్ బన్యువేలో అనే పాత స్నానశాల ఉంది. దాని కమానుల కప్పుకు నక్షత్రాల ఆకారంలో రంధ్రాలున్నాయి, వెలుతురు వాటిలోంచి నేలమీద చుక్కలుగా పడుతుంది. పావుగంట చాలు, కానీ వదలవద్దు.

అల్బయ్‌సీన్

ఎదుటి కొండమీది ఈ పేటకు నీరు దార్రో నుంచి రాలేదు. అల్ఫకార్ గ్రామంలోని ఊట నుంచి ఐనదమార్ అనే మరొక కాలువ వచ్చి, పేటలోని అల్హీబెలను నింపేది. అల్హీబె అంటే వీధి మలుపులో, ఒకప్పుడు మసీదు ఉన్న చోటి పక్కన, ఇటుక కమాను కింద కట్టిన భూగర్భ నీటితొట్టి. ఇరవైకి పైగా ఇంకా నిలిచి ఉన్నాయి. వాటిలో పెద్దదైన రాజుగారి అల్హీబె పక్కన పాత నీటి ఏర్పాటును వివరించే చిన్న కేంద్రం ఉంది. అల్బయ్‌సీన్‌లో వీధిపేర్లను వెతుక్కుంటూ తిరగడం కంటే ఒక అల్హీబె నుంచి మరొక అల్హీబెకు తిరగడం మేలు. పటంలో వాటిని ముందే గుర్తుపెట్టుకోండి. ఆ కమానులు ఎక్కడున్నాయో అక్కడే పాత జనజీవితపు కూడళ్ళు ఉన్నాయి.

దారి తప్పడం ఇక్కడ ఖాయం. మెట్లు, ఎత్తైన తెల్లగోడలు, మూడడుగుల సందులు కలిసి ఫోన్‌లోని పటాన్ని తడబడేలా చేస్తాయి. అప్పుడు నీరు చేసేదే చేయండి, పల్లానికి దిగండి. దక్షిణపు వాలున దిగితే దార్రో ఒడ్డుకు, పడమటి వాలున దిగితే ఎల్విరా వీధికి చేరతారు; రెండూ ఊరి నడుమకు తెచ్చేవే.

తెల్లగోడల వెనుక ఉన్నవి కార్మెన్‌లు. లోపల ఇల్లు, దానికి చుట్టూ ద్రాక్షపందిరి, పండ్లచెట్లు, చిన్న నీటితొట్టి ఉన్న తోట, వీధికి మాత్రం మూసిన గోడ. ద్రాక్షతీగను సూచించే అరబ్బీ మాట నుంచి ఆ పేరు వచ్చింది. గోడ దాటి వేలాడే నారింజకాయలు కనిపిస్తే, ఆ పండును స్పానిష్‌లో నరాన్హ అంటారని గుర్తుంచుకోండి. మన నారింజ, వారి నరాన్హ ఒకే మాట. మన వైపు నుంచి బయలుదేరిన ఆ మాటను పారసీకులు, అరబ్బులు ఇంత దూరం చేర్చారు. భాష తెలియని ఊరిలో ఒంటరిగా తిరుగుతున్నప్పుడు ఇలాంటి చుట్టరికం ఎంత ధైర్యమిస్తుందో నాకు అక్కడే తెలిసింది.

భోజనం, జాగ్రత్తలు

గ్రనాదాలో పానీయం అడిగితే దానితోపాటు తపా అనే చిన్న తినుబండారం ఉచితంగా ఇచ్చే అలవాటు ఉంది, శీతలపానీయం తీసుకున్నా సాధారణంగా ఇస్తారు. బల్లల దగ్గర కాకుండా కౌంటరు దగ్గర నిలబడి తినడం అక్కడ మామూలు కనుక ఒంటరివారికి ఎబ్బెట్టుగా ఉండదు. మధ్యాహ్న భోజనం రెండు తరువాత, రాత్రి భోజనం ఎనిమిదిన్నర తరువాత. మధ్యలో చాలా వంటిళ్ళు మూసి ఉంటాయి. శాకాహారులు ‘వెహెతారియానో’ అనడంతో ఊరుకోకుండా, సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో అని మాంసం, పందిమాంసం, చేప మూడూ వద్దని విడివిడిగా చెప్పాలి. ఊరి పక్కనున్న సాక్రోమోంటె కొండ పేరున్న ఆమ్లెట్‌లో మెదడు మాంసం వేస్తారు. బెరెన్హేనాస్ కోన్ మియెల్ దె కాన్యా మాత్రం ధైర్యంగా అడగండి. వంకాయ ముక్కలను పిండిలో ముంచి వేయించి పైన చెరకు పానకం పోస్తారు. మనకు కొత్తగా ఉంటూనే నోటికి వెంటనే పరిచయమయ్యే రుచి అది.

పెద్ద చర్చి పరిసరాల్లో రోజ్‌మేరీ రెమ్మ చేతికిచ్చి, జాతకం చెప్పి, డబ్బు అడిగేవారు ఎదురవుతారు. రెమ్మ తీసుకోకుండా, ఆగకుండా, మర్యాదగా ‘నో, గ్రాసియాస్’ అని నడిచిపోతే చాలు. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయాలి. సన్ మిగెల్ ఆల్తో కొండకు, సాక్రోమోంటె పైదారులకు పగటిపూట వెళ్ళండి. సూర్యాస్తమయం తరువాత ఒంటరిగా అక్కడ ఉండవద్దని గట్టిగా చెబుతున్నాను.

సాయంత్రానికి అల్బయ్‌సీన్‌లోని సన్ నికోలాస్ చర్చి ముందున్న మెరక మీదికి చేరండి. ఎదురుగా అల్‌హంబ్రా, దాని వెనుక సియెర్రా నెవాదా. జూన్‌లో సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దాటాక గానీ అస్తమించడు, కనుక తొందర లేదు. జనం కిక్కిరిసి ఉంటారు, సంచిని ముందువైపు వేసుకోండి. రద్దీ నచ్చకపోతే పక్కనే 2003లో తెరిచిన మసీదు తోటలోకి, అది తెరిచి ఉండే వేళల్లో, వెళ్ళండి. అదే దృశ్యం అక్కడ ప్రశాంతంగా కనిపిస్తుంది. ఉదయం మీరు నడిచిన దారిని ఇక్కడినుంచి వేలితో గీసి చూపవచ్చు. ఎడమన ఎత్తులో తెల్లగా హెనెరలిఫె, అక్కడినుంచి కుడివైపుకు దిగుతూ బురుజులు, చివర వేలా బురుజు, కింద చెట్ల మధ్య కనిపించని ఏరు. తిరిగి వచ్చేటప్పుడు సన్ నికోలాస్ అల్హీబె పక్కగా దిగి, వెలుతురు ఉన్న వీధుల్లోనే కాల్దెరేరియా నువేవా వరకూ రండి. అక్కడి టీకొట్లలో పుదీనా టీ రాత్రి పొద్దుపోయే వరకూ దొరుకుతుంది, ప్లాసా నువేవా అక్కడికి రెండు నిమిషాల నడక.